రూట్ చేస్తే దక్కేదేమిటి, పోయేదేమిటి

పాఠకుల సందేహాలు – సమాధానాలు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం స్మార్ట్‌ఫోన్‌ను రూట్ చేయడం, అంటే దాని వ్యవస్థ అంతటిపై సర్వాధికారం సంపాదించడం గురించినవే. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పాఠకులు ఈ విషయాన్ని వేరువేరు కారణాలతో అడిగారు. తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి వీటికే సమాధానాలు ఇస్తున్నాము. పాఠకులు కోరిన మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: ఆదోనిలో ఒక పత్తి కమీషన్ అంగడిలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. రెండేళ్ల కిందట కొన్న నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో నేను అడగని యాప్‌లు చాలా ఉన్నాయి. తీసివేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటనే కనిపించదు. లాక్ స్క్రీన్ మీద కూడా ప్రకటనలు వస్తున్నాయి. ఎవరితోనైనా ఒక వస్తువు గురించి మాట్లాడితే మరునాడు దాని ప్రకటనే కనిపిస్తోంది. ఫోన్ రూట్ చేయిస్తే ఇవన్నీ పోతాయని, మన సమాచారం మన దగ్గరే ఉంటుందని సెల్ అంగడి నడిపే మిత్రుడు అంటున్నాడు. ఇదే ఫోన్‌లో నా బ్యాంకు యాప్, యూపీఐ, వ్యాపారుల వాట్సాప్ అన్నీ ఉన్నాయి. నా డబ్బుతో కొన్న ఫోన్ మీద నాకు అధికారం లేకపోవడం ఏమిటి? రూట్ చేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కొన్నవాడు తొలగించలేని సరుకును అమ్మేవాడు ముందే నింపి ఇవ్వడం మర్యాదైన వ్యాపారం కాదు. ఆ ప్రకటనల రాబడి వల్లనే ఫోన్ ఇంత చౌకగా ఇవ్వగలుగుతున్నామన్న సంజాయిషీ కూడా దానిని మర్యాదగా మార్చదు. అయినా మీ ఫోన్‌ను రూట్ చేయించవద్దనే చెబుతాను. కారణాలు కొంచెం వివరంగా చెప్పవలసినవి.

ఆండ్రాయిడ్ లినక్స్ అనే ఆపరేటింగ్ వ్యవస్థ కెర్నల్ (మూల భాగం) మీద కట్టిన వ్యవస్థ. లినక్స్‌లో అన్ని ఫైళ్లనూ చదవగలిగే, మార్చగలిగే, చెరపగలిగే సర్వాధికారి ఖాతాను రూట్ అంటారు. మీరు వేసుకునే ప్రతి యాప్‌కూ ఆండ్రాయిడ్ ఒక ప్రత్యేకమైన వాడుకరి సంఖ్యను కేటాయిస్తుంది కాబట్టి, ఒక యాప్ దాచుకున్న ఫైళ్లను మరొక యాప్ తెరవలేదు. మీ మార్కెట్ యార్డులో ఒక్కొక్క ఏజెంటు గోదాముకు ఒక్కొక్క తాళం ఉన్నట్లే ఇక్కడా వాట్సాప్‌కు, బ్యాంకు యాప్‌కు, టార్చిలైటు యాప్‌కు వేరువేరు గదులు, వేరువేరు తాళాలు ఉంటాయి. దీనికి తోడు ఎస్‌ఈలినక్స్ అనే రెండవ కాపలాను 2013లో వచ్చిన 4.3 వెర్షన్‌లో ప్రవేశపెట్టి, 2014 నాటి 5.0 నుంచి పూర్తిగా అమలులోకి తెచ్చారు. రూట్ అధికారం పొందిన యాప్‌కు ఈ తాళాలేవీ అడ్డురావు. అది మీ వాట్సాప్ సందేశాల నిల్వను చదవగలదు, తెర మీద ఉన్నదానిని చూడగలదు, తన జాడను తానే తుడిచివేసుకోగలదు.

ఫోన్‌ను రూట్ చేసే మ్యాజిస్క్ వంటి నేటి సాధనాలు ఏ యాప్ రూట్ అధికారం అడిగినా ముందుగా మిమ్మల్ని అనుమతి కోరుతాయన్న మాట నిజమే. 'ఒక్క నొక్కుతో రూట్' అని ప్రచారం చేసుకున్న పాత యాప్‌లతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. కానీ ఆ అనుమతి ఇవ్వవలసినవారు మీరే. ప్రకటనలను ఆపుతానని వచ్చిన యాప్‌కు ఒకసారి 'సరే' అన్న తరువాత అది ప్రకటనలను మాత్రమే ఆపుతోందో, ఇంకేమైనా చేస్తోందో తెలుసుకొనే మార్గం సాధారణ వాడుకరికి ఉండదు.

మీ మిత్రుడు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది, నా లెక్కలో రూట్ కంటే అదే పెద్దది. ఈనాటి ఫోన్లను రూట్ చేయాలంటే సాధారణంగా ముందు బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేయవలసి ఉంటుంది. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు మొదట నడిచే ఆ చిన్న ప్రోగ్రామ్, తాను ఎక్కించబోయే వ్యవస్థపై తయారీదారు సంతకం సరిగ్గా ఉందో లేదో పరీక్షిస్తుంది. అన్‌లాక్ చేసిన తరువాత ఎవరు మార్చిన వ్యవస్థనైనా అది ఎక్కిస్తుంది. అన్‌లాక్ చేసే క్షణంలో ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోయేటట్లు పెట్టడానికి కారణం ఇదే: దొంగిలించినవాడు బూట్‌లోడర్ తెరిచి మీ ఫొటోలు, లెక్కలు చదువుకోకూడదు. కాని ఒకసారి తెరిచి, మళ్లీ మీ సమాచారంతో నింపుకొని వాడుతున్న ఫోన్‌కు ఆ రక్షణ ఉండదు. అటువంటి ఫోన్ కొద్ది నిమిషాలు పరాయి చేతిలో ఉంటే చాలు, బూట్ భాగంలో మార్పు చేసి తిరిగి ఇవ్వవచ్చు. మీ సమాచారం సంకేత రూపంలో భద్రంగానే ఉంటుంది. కాని మీరు ఇంటికి వెళ్లి పిన్ కొట్టగానే ఆ మార్చిన వ్యవస్థ పిన్‌నూ, దానితోపాటు సమాచారాన్నీ గ్రహించగలదు. చార్జర్ పిన్ను సరిచేయించడానికి ఫోన్‌ను అంగడిలో వదిలి టీ తాగి వచ్చే అలవాటున్న మనకు ఇది పట్టించుకోదగిన విషయమే.

రూట్‌తో ప్రయోజనమే లేదని అనడం లేదు. ఏ యాప్ ఇంటర్నెట్‌ను చేరవచ్చునో, ఏది చేరకూడదో ఖచ్చితంగా నిర్ణయించే ఫైర్‌వాల్ పెట్టుకోవచ్చు. ప్రకటనల సర్వర్ల పేర్లను వ్యవస్థ స్థాయిలోనే మూసివేయవచ్చు. యాప్‌లను వాటి సమాచారంతో సహా బ్యాకప్ తీసుకోవచ్చు. తయారీదారు నింపిన యాప్‌లను వేళ్లతో సహా పెకలించవచ్చు. తెలిసి చేసేవారికి ఇది నిజమైన స్వాతంత్ర్యమే. అయితే కంపెనీలు మన సమాచారం లాగుకోకుండా ఆపడం గోప్యత. దొంగలు, మోసగాళ్లు లోపలికి రాకుండా ఆపడం భద్రత. రూట్ మొదటిదానికి కొంత ఉపకరిస్తుంది, రెండవదానికి హాని చేస్తుంది. బ్యాంకు, యూపీఐ, వ్యాపార లావాదేవీలు ఒకే ఫోన్‌లో ఉన్న మీకు రెండవదే ముఖ్యం.

మొదటిదానిలోనూ అది మీరు ఆశించినంత చేయదు. ఫోన్ రూట్ చేసినా మీ గూగుల్ ఖాతాలో చేరిన వెతుకులాటల చరిత్ర, యూట్యూబ్ చరిత్ర గూగుల్ సర్వర్లలోనే ఉంటాయి. ప్రకటనలు వెంటాడడానికి మాటలను చాటుగా వినవలసిన అవసరం లేదు. మీరు వెతికినవి, తెరిచిన పేజీలు, మీరు తిరిగిన చోట్లు, మీ పరిచయస్థులు వెతికినవి సరిపోతాయి. మైకు సంగతి అనుమానమైతే, ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైకు లేదా కెమెరా వాడినా తెర పై మూలలో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది; సెట్టింగ్స్‌లోని ప్రైవసీ డ్యాష్‌బోర్డ్‌లో గడచిన 24 గంటలలో ఏ యాప్ ఎప్పుడు వాడిందో కనిపిస్తుంది. ముందు అది చూడండి.

మీరు కోరుకున్న పనులలో ఎక్కువ భాగం రూట్ లేకుండానే అవుతాయి. తొలగించలేని యాప్‌లలో చాలావాటిని సెట్టింగ్స్‌లో 'డిసేబుల్' చేయవచ్చు. అదీ కుదరనివాటికి, బిల్డ్ నంబరును ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపితే, గూగుల్ ఉచితంగా ఇచ్చే ఏడీబీ అనే సాధనంతో మీ ఖాతా వరకు వాటిని తీసివేయవచ్చు. అవి ఫోన్ సిస్టమ్ భాగంలో నిద్రాణంగా ఉంటాయి, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తిరిగి వస్తాయి. కాని నడవవు, సమాచారం పంపవు. పేరు చూసి అర్థం కానివాటి జోలికి పోవద్దు, పని ముగిశాక డీబగ్గింగ్‌ను ఆపడం మరవద్దు. ప్రకటనల సర్వర్లను మూయడానికి ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను బట్టి వాటి చిరునామాలు వెతికే సేవ) అమరికలో ప్రకటనలను వడగట్టే సేవ పేరు రాస్తే చాలు. లాక్ స్క్రీన్ ప్రకటనలు చాలా ఫోన్లలో వాల్‌పేపర్ సేవకు సంబంధించిన ఒక అమరికలో దాక్కొని ఉంటాయి, దానిని ఆపివేయండి. గూగుల్ సెట్టింగ్స్‌లోని ప్రకటనల విభాగంలో మీ అడ్వర్టైజింగ్ ఐడీని, అంటే ప్రకటనల కోసం మీకు ఇచ్చిన గుర్తింపు సంఖ్యను తొలగించండి. ఇవి ఒక సాయంత్రం పని, ఫోన్ అంగడికి పైసా ఇవ్వనక్కరలేదు.

ప్రశ్న: అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. గూగుల్ మీద నమ్మకం లేక నా ఫోన్‌ను మ్యాజిస్క్‌తో రూట్ చేశాను. అప్పటి నుంచి బ్యాంకు యాప్ 'ఈ పరికరం సురక్షితం కాదు' అని మూసుకుపోతోంది. టెలిగ్రామ్ గ్రూపులో ఒకరు ఇచ్చిన మాడ్యూల్ (మ్యాజిస్క్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్) వేస్తే యాప్ తెరుచుకుంటోంది. ఇలా వాడటం ప్రమాదమా? అసలు రూట్ చేసిన ఫోన్‌ను నిరాకరించే హక్కు బ్యాంకులకు ఎవరిచ్చారు?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: మీ రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను. డిజిటల్ చెల్లింపుల భద్రతపై భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఫిబ్రవరిలో జారీ చేసిన ఆదేశాలలో మొబైల్ యాప్‌లకు ప్రత్యేక భాగం ఉంది. పరికరం కనీస అర్హతలు తీర్చిన తరువాతనే యాప్ నడవనివ్వాలని, దూరం నుంచి ఫోన్‌ను నియంత్రించే యాప్‌లను వీలైనంత వరకు గుర్తించి లాగిన్‌ను ఆపాలని అవి చెబుతున్నాయి. కనుక బ్యాంకు చేస్తున్నది ఇష్టారాజ్యం కాదు. ఆ పరీక్షకు బ్యాంకులు తరచుగా వాడేది గూగుల్ వారి ప్లే ఇంటిగ్రిటీ అనే సేవ. అంతకు ముందున్న సేఫ్టీనెట్ అనే సేవ స్థానంలో అది వచ్చింది. బూట్‌లోడర్ లాక్ అయి ఉందా, వ్యవస్థ తయారీదారు ఇచ్చినదేనా అన్న విషయాన్ని ఫోన్‌లోని భద్రతా చిప్ సంతకంతో సహా అది బ్యాంకు సర్వర్‌కు చెబుతుంది. ఈ పద్ధతిపై నాకూ ఒక అభ్యంతరం ఉంది. ఏళ్ల తరబడి భద్రతా అప్‌డేట్ అందని పాత ఫోన్, బూట్‌లోడర్ లాక్‌లో ఉన్న కారణాన చాలా యాప్‌ల దగ్గర సులభంగా గట్టెక్కుతుంది. నిన్నటి అప్‌డేట్‌తో శ్రద్ధగా నిర్వహించుకొంటున్న మరొక ఫోన్ గూగుల్ ధ్రువీకరణ లేనందున ఆగిపోతుంది. ఏ ఫోన్ నమ్మదగినదో తేల్చే అధికారం ఒకే కంపెనీ చేతిలో చేరడం గురించి ప్రశ్నించడం సబబే.

అయితే ఆ ప్రశ్నకు మీరు ఎంచుకున్న మార్గం మిమ్మల్ని మరింత ఇరకాటంలో పెట్టింది. ఈ పరీక్షను మోసగించే మాడ్యూళ్లు చేసే పని స్థూలంగా ఇది: మరొక ఫోన్ నుంచి బయటపడిన ధ్రువీకరణ తాళాలను, వాడుకలో కీబాక్స్ అంటున్నవాటిని, మీ ఫోన్‌వే అన్నట్లు చూపడం. గూగుల్ వాటిని గుర్తించి రద్దు చేస్తుంది, గ్రూపులో కొత్తవి వస్తాయి, మీరు మళ్లీ దింపుకుంటారు. ఆ మాడ్యూల్ మీ ఫోన్‌లో రూట్ అధికారంతో నడుస్తుంది. అంటే గూగుల్‌ను నమ్మలేక రూట్ చేసిన మీరు, ముఖం తెలియని, ఊరు తెలియని, రేపు ఆ గ్రూపులో ఉంటాడో లేడో తెలియని ఒక వ్యక్తిని గూగుల్ కంటే ఎక్కువగా నమ్ముతున్నారు. అదీ బ్యాంకు యాప్ నడపడం కోసం. మూల కోడ్ అందరికీ కనిపించేటట్లు పెట్టిన ప్రాజెక్టులు కొన్ని ఉన్నాయి, వాటిని చదివే శక్తి మీ తరగతిలో కొందరికైనా ఉండవచ్చు. టెలిగ్రామ్‌లో వచ్చిన జిప్ ఫైలుకు ఆ మాట వర్తించదు.

బ్యాంకు యాప్‌లు తమ రహస్య తాళాలను ప్రాసెసర్‌లోని ప్రత్యేక భద్రతా విభాగంలో పెడతాయి కనుక రూట్ అయినా వాటిని ఎత్తుకుపోలేరని మీరు చదివి ఉంటారు. అది నిజమే, కాని సగమే. తాళాన్ని బయటికి తీయలేకపోయినా, మీ ఫోన్‌లోనే కూర్చొని ఆ తాళంతో పని చేయించుకోవచ్చు. తెర మీది అంకెలను, వచ్చిన ఓటీపీని చదవడానికి ఆ తాళం అవసరమే లేదు.

డబ్బు పోతే ఎవరు భరించాలన్నది అడగలేదు గాని, చెప్పడం మంచిది. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలపై రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడవవారి చొరబాటు వల్ల జరిగినప్పుడు, 3 పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం అంటదు. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయినదైతే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టమంతా అతనిదే. నిర్లక్ష్యాన్ని నిరూపించవలసిన బాధ్యత బ్యాంకుదే అయినా, భద్రతా పరీక్షను కావాలని మోసగించిన ఫోన్‌ను ఎదురుగా పెట్టుకొని వాదించడం ఎంత కష్టమో ఊహించండి.

నేను చెప్పేది ఇది. రూట్ మీద, వ్యవస్థ లోతుల మీద మీకున్న ఆసక్తిని వదులుకోవద్దు. లినక్స్ ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి రూట్ చేసిన ఫోన్‌ను మించిన ప్రయోగశాల చవకగా దొరకదు. దానికి ఒక పాత ఫోన్‌ను కేటాయించండి. బ్యాంకుతో ముడిపడిన సిమ్ అందులో ఉండకూడదు, మీ ప్రధాన ఈమెయిల్ ఖాతా కూడా ఉండకూడదు, ఎందుకంటే ఆ ఈమెయిల్ ఇతరుల చేతికి చిక్కితే మిగిలిన పాస్‌వర్డులన్నీ మార్చుకోవచ్చు. రోజూ వాడే ఫోన్‌కు కంపెనీ అధికారిక సాఫ్ట్‌వేర్‌ను తిరిగి ఎక్కించి, అది పూర్తిగా మూల స్థితికి వచ్చిందని రూఢి చేసుకొన్న తరువాతనే బూట్‌లోడర్‌ను లాక్ చేయండి. మార్పులు మిగిలి ఉండగా లాక్ చేస్తే ఫోన్ ఆన్ కాకుండా పోవచ్చు. ఆ తరువాత యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డు మార్చండి; ఆ మాడ్యూల్ ఉన్నంత కాలం మీరు కొట్టినవన్నీ ఇతరులకు తెలిసి ఉండవచ్చునన్న లెక్కతోనే నడుచుకోవాలి.

ప్రశ్న: ప్రొద్దుటూరులో ఇంటి దగ్గరే చీరల వ్యాపారం చేస్తాను. మొన్న సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోన్ కొన్నాను. ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఇంగ్లీషు హెచ్చరిక కొన్ని క్షణాలు కనిపించి పోతోంది. మా తమ్ముడు చూసి, ఇది ఎవరో రూట్ చేసిన ఫోన్ కావచ్చు, డబ్బు లావాదేవీలు పెట్టుకోవద్దక్కా అన్నాడు. ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీ తమ్ముడు సరిగానే చెప్పాడమ్మా. బూట్‌లోడర్ అన్‌లాక్ అయిన ఫోన్, ఆన్ అయ్యేటప్పుడు ఆ సంగతి చెప్పి తీరాలన్నది ఆండ్రాయిడ్ నియమం; మీకు కనిపిస్తున్నది బహుశా అదే. ఇంకొక పరీక్ష సులభంగా చేయవచ్చు. ప్లే స్టోర్ తెరిచి, మీ బొమ్మ మీద నొక్కి, సెట్టింగ్స్‌లో 'అబౌట్' విభాగంలోకి వెళితే, ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ అన్న చోట ఆ ఫోన్ ధ్రువీకృతమో కాదో రాసి ఉంటుంది. కాదని ఉంటే మరి ఆలోచించనక్కరలేదు. ధ్రువీకృతమని ఉన్నా, ఆన్ చేసినప్పుడు హెచ్చరిక వస్తూనే ఉంటే హెచ్చరికనే నమ్మండి, ఎందుకంటే ధ్రువీకరణను మోసగించే పద్ధతులు ఉన్నాయి. ఫోన్ శాంసంగ్‌ది అయితే మరొక ఆధారం దొరుకుతుంది: నాక్స్ అనే ఆ కంపెనీ భద్రతా వ్యవస్థలో ఒక సూక్ష్మమైన ఫ్యూజు ఉంటుంది, అనధికార సాఫ్ట్‌వేర్ ఒకసారి ఎక్కిందంటే అది శాశ్వతంగా కాలిపోతుంది. ఆ తరువాత అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కించినా సెక్యూర్ ఫోల్డర్ వంటి భద్రతా సదుపాయాలు పనిచేయవు.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అంతా శుభ్రమవుతుందని అమ్మినవారు అనవచ్చు. అది మీ ఫొటోలను, యాప్‌లను తుడుస్తుందే గాని, మార్చిన బూట్ భాగాన్ని తాకదు. ఎవరు, ఎందుకు, ఏమి మార్చారో తెలియని ఫోన్ ఇది. మీరే తెలిసి రూట్ చేసుకొన్న ఫోన్ కంటే ఎక్కువ అనుమానించవలసినది. వీలైతే తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోండి. అది కుదరకపోతే ఆ కంపెనీ అధికారిక సర్వీసు కేంద్రంలో అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, బూట్‌లోడర్ లాక్ చేసి ఇమ్మని అడగండి. బజారులో 'సాఫ్ట్‌వేర్ వేస్తాం' అనే చోటికి వెళితే అదే కథ మళ్లీ మొదలవుతుంది. అంతవరకు అందులో గూగుల్ ఖాతా, యూపీఐ, కొనుగోలుదారుల చిరునామాలు పెట్టవద్దు. ఇప్పటికే యూపీఐ నమోదు చేసి ఉంటే, వేరొక ఫోన్ నుంచి పిన్ మార్చండి. ఖాతాలో తెలియని లావాదేవీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు, 1930 నంబరుకు తెలియజేయండి.

ఇంకొక మాట. మన దగ్గర ఎక్కువమంది డబ్బు పోగొట్టుకొంటున్నది రూట్ వల్ల కాదు. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరిచి, అది అడిగినప్పుడు ఎస్ఎంఎస్ చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి (తెరను చదివి, మీ బదులు నొక్కే అధికారం) ఇచ్చేస్తే, ఏ మార్పూ లేని కొత్త ఫోన్ కూడా మోసగాడి చేతిలోకి వెళుతుంది. కొనుగోలుదారులు పంపారని ఏ ఏపీకే ఫైలునూ తెరవకండి. చీరల ఫొటోలు ఆ రూపంలో రావు.

ప్రశ్న: కర్నూలులో పత్రికా విలేకరిని. నాకు సమాచారం ఇచ్చేవారి పేర్లు, సంభాషణలు బయటికి పోకుండా కాపాడుకోవాలి. నిఘా సాఫ్ట్‌వేర్ల గురించి చదువుతున్నప్పటి నుంచి, కంపెనీ ఆండ్రాయిడ్‌ను తీసివేసి రూట్ చేసిన కస్టమ్ రామ్ (ఇతరులు తయారు చేసిన ఆండ్రాయిడ్ రూపం) వేసుకుంటే మేలని అనిపిస్తోంది. ఇది సరైన ఆలోచనేనా?
– ఒక విలేకరి, కర్నూలు

జవాబు: మీ ప్రత్యర్థి ప్రకటనల కంపెనీ కాదు, అందువల్ల మీ సమాధానం ఆదోని పాఠకుని సమాధానం కంటే గట్టిగా ఉండాలి. రూట్ వద్దు.

2016లో వెలుగులోకి వచ్చిన పెగసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఉదంతాన్ని గుర్తు చేసుకోండి. ఐఫోన్‌లో మూడు లోపాలను వరుసగా వాడి, యజమానికి తెలియకుండా ఆ ఫోన్‌ను జైల్‌బ్రేక్ చేయడం (ఐఫోన్‌లో రూట్ వంటిదే) ఆ సాఫ్ట్‌వేర్ పద్ధతి. అంటే నిఘా సాఫ్ట్‌వేర్ ఎంతో ఖర్చుతో, ఎంతో శ్రమతో సంపాదించుకొనేది ఈ సర్వాధికారాన్నే. దానిని ముందే తెరిచి ఉంచితే వారి పని సగం తగ్గుతుంది. ఆండ్రాయిడ్ మీద 2016లో బయటపడిన డర్టీ కౌ అనే లినక్స్ లోపాన్ని కూడా రూట్ చేసుకొనే ఔత్సాహికులూ, దొంగ యాప్‌లు రాసేవారూ ఒకేలా వాడుకున్నారు.

కంపెనీ ఆండ్రాయిడ్‌ను వదిలివేయాలన్న మీ ఆలోచనలో మాత్రం పస ఉంది. గ్రాఫీన్‌ఓఎస్ అనే స్వేచ్ఛా ప్రాజెక్టు గూగుల్ పిక్సెల్ ఫోన్లకు ఒక కఠినమైన ఆండ్రాయిడ్ రూపాన్ని అందిస్తోంది. దానిని ఎక్కించడానికి బూట్‌లోడర్ తెరిచినా, ఎక్కించిన తరువాత ఆ ప్రాజెక్టు సొంత సంతకంతోనే మళ్లీ లాక్ చేస్తారు. అందువల్ల ఆన్ అయిన ప్రతిసారీ జరిగే పరీక్ష యథాతథంగా కొనసాగుతుంది. ఆ ప్రాజెక్టు వారే రూట్ చేయడాన్ని సమర్థించరు. గోప్యత కోసం ఇంత పట్టుదలగా పనిచేసేవారు రూట్‌ను దూరం పెట్టడం గమనించదగిన విషయం. కొన్ని బ్యాంకు యాప్‌లు దానిపై నడవవు. వాటికి వేరే ఫోన్ ఉంచుకోవలసి రావచ్చు.

అంత మార్పు అక్కరలేదనుకుంటే, ఇప్పుడున్న ఫోన్‌లోనే చేయవలసినవి ఉన్నాయి. ఐఫోన్ అయితే 2022లో ఐఓఎస్ 16తో వచ్చిన లాక్‌డౌన్ మోడ్, ఆండ్రాయిడ్ 16 ఉన్న ఫోన్ అయితే అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ మోడ్ అనే గట్టి రక్షణ అమరికను ఆన్ చేయండి. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్‌ను వచ్చిన రోజే వేసుకోండి. రూట్ చేసిన ఫోన్లలో అప్‌డేట్ నేరుగా ఎక్కక చాలామంది నెలల తరబడి వాయిదా వేయడం కూడా రూట్ వల్ల కలిగే ఒక నష్టం. నాలుగంకెల పిన్‌కు బదులు పొడవైన పాస్‌వర్డు పెట్టండి. ఎవరైనా ఫోన్ లాక్కొనే పరిస్థితి ఉన్న చోటికి వెళ్లేముందు ఫోన్‌ను ఆపివేయండి. ఆన్ చేసి మొదటిసారి పాస్‌వర్డు కొట్టేవరకు లోపలి సమాచారపు తాళాలు మెమరీలోకి రావు కాబట్టి, ఆ స్థితిలో దానిని తెరవడం చాలా కష్టం. సంభాషణలకు సిగ్నల్ అనే యాప్ వాడి, కొంత కాలానికి సందేశాలు వాటంతట అవే చెరిగిపోయే అమరిక పెట్టండి. ఇవన్నీ చేసిన తరువాత కూడా, మీతో మాట్లాడినవారి ఫోన్ ఎంత భద్రంగా ఉందన్నది మీ చేతిలో ఉండదు. అతి సున్నితమైన పేర్లను ఏ ఫోన్‌లోనూ రాయకపోవడమే మేలు.

ప్రశ్న: గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను. నా పాత ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైంది. లీనియేజ్ఓఎస్ వేస్తే కొత్త ఆండ్రాయిడ్ వస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. అది కూడా రూట్ చేయడమేనా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: కాదు. లీనియేజ్ఓఎస్ ఫోన్ కంపెనీలతో సంబంధం లేని ఒక స్వతంత్ర ఆండ్రాయిడ్ రూపం, అది రూట్ లేకుండానే వస్తుంది. మీ ఫోన్ మోడల్ పేరు ఆ ప్రాజెక్టు అధికారిక జాబితాలో ఉంటేనే వేయించండి. అనధికారంగా ఎవరో తయారు చేసినదైతే వద్దు. అప్‌డేట్లు తిరిగి మొదలవడం లాభం. అయితే ప్రాసెసర్, మోడెమ్ (నెట్‌వర్క్‌తో కలిపే చిప్) తయారీదారులు ఇవ్వవలసిన సవరణలు మాత్రం అందులోనూ రావు. చాలా ఫోన్లలో బూట్‌లోడర్ కూడా తెరిచే ఉంచవలసి వస్తుంది. పుస్తకాలు, పాటలు, వార్తలు, మనవళ్లతో వీడియో కాల్ వరకు నిశ్చింతగా వాడుకోండి. పింఛను జమ అయ్యే ఖాతా యాప్‌ను మాత్రం అందులో పెట్టవద్దు.

ప్రశ్న: డిస్‌ప్లే పగిలి మార్పించడానికి కడపలో ఒక అంగడిలో ఫోన్ ఇస్తే, పరీక్షించడానికి పిన్ కావాలన్నారు. ఇవ్వవచ్చా? వాళ్లు మనకు తెలియకుండా రూట్ చేసే వీలుందా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: బూట్‌లోడర్ లాక్‌లో ఉన్న, అప్‌డేట్లు అందుతున్న ఫోన్‌ను మీ సమాచారం చెరగకుండా రూట్ చేయడం అంగడి స్థాయిలో అయ్యే పని కాదు, సమాచారం చెరిగితే మీకు వెంటనే తెలుస్తుంది. పిన్ ఇవ్వడమే అసలు ప్రమాదం, ఎందుకంటే అది తెలిసినవారికి రూట్ అవసరమే లేదు: ఫొటోలు తెరవవచ్చు, వాట్సాప్ వెబ్‌ను తమ కంప్యూటర్‌కు కలుపుకోవచ్చు, నిఘా యాప్ వేసి అనుమతులన్నీ ఇవ్వవచ్చు. శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఈ అవసరానికే ఉన్నాయి. అవి ఆన్ చేసి ఇస్తే, మీ సమాచారం కనిపించకుండానే వాళ్లు తెరను, స్పీకరును, కెమెరాను పరీక్షించుకోగలరు. మీ ఫోన్‌లో అటువంటిది లేకపోతే పని అయ్యేవరకు అక్కడే కూర్చొని, అవసరమైనప్పుడు పిన్ మీరే కొట్టండి. ఇప్పటికే పిన్ చెప్పి వచ్చి ఉంటే, ఫోన్ చేతికి రాగానే దానిని మార్చండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, గూగుల్ ఖాతాలో లాగిన్ అయి ఉన్న పరికరాలు, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితా చూసి, మీకు తెలియని పేరు ఏది కనిపించినా తొలగించండి.